ముసలిదైన కుక్కకు ఇంట్లోనే వీడ్కోలు: ముందే మాట్లాడుకోవలసిన సంగతులు

అమెరికాలో పన్నెండు, పదమూడేళ్ళ క్రితం ఇల్లు కొనుక్కుని, పిల్లల పోరు పడలేక కుక్కపిల్లను తెచ్చుకున్న కుటుంబాలు మన వాళ్ళలో చాలా ఉన్నాయి. అప్పటి కుక్కపిల్లలు ఇప్పుడు ముసలివైపోయాయి. పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయారు. మెట్లెక్కలేని కుక్కా, మందు మింగనని మొండికేసే పిల్లీ మన దగ్గర మిగిలాయి. మొదట్లో "ఇంట్లోకి కుక్కేమిటి" అన్న వాళ్ళే ఇప్పుడు దాని పక్కన నేల మీద దుప్పటి వేసుకుని పడుకుంటున్నారు.

మేముండేది డాలస్ దగ్గర. మా లాబ్రడార్ చిట్టిని గత అక్టోబర్‌లో, దాని పదమూడో ఏట, వెట్‌ను ఇంటికే పిలిపించి నొప్పి లేకుండా సాగనంపాం. ఆ సంగతి తెలిశాక చుట్టుపక్కల తెలుగు వాళ్ళ నుంచి నాకు ఫోన్లు మొదలయ్యాయి. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. టైమ్ వచ్చిందని ఎలా తెలుస్తుంది? దానికి నొప్పి ఉంటుందా? పిల్లలకేం చెప్పారు? మీ అత్తయ్యగారు ఒప్పుకున్నారా? ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినవే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ విషయం కుక్క ఇంకా తోక ఊపుతూ తిరుగుతున్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోవాలి. లేకపోతే ఏ అర్ధరాత్రో ఎమర్జెన్సీ హాస్పిటల్‌లో, ముఖపరిచయం లేని డాక్టర్ ముందు, పది నిమిషాల్లో తేల్చుకోవలసి వస్తుంది. ముందే మాట్లాడుకుంటే దుఃఖం తగ్గదు. కంగారు మాత్రం తగ్గుతుంది.

పేరుతోనే మొదటి చిక్కు

ఇక్కడి వాళ్ళు "పుట్ టు స్లీప్" అంటారు. వైద్యుల మాట "యూథనేషియా". గ్రీకులో దానికి "మంచి చావు" అని అర్థం. మన పత్రికలు "కారుణ్య మరణం" అని రాస్తాయి గానీ ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాదు. ఆరు నెలల వీసా మీద వచ్చి మా దగ్గరున్న అత్తయ్య సూటిగా అడిగారు: "అమ్మాయ్, సూదేసి చంపేస్తారా?"

మెత్తటి మాటలతో ఆ ప్రశ్నను దాటేయడం కుదరదు. చేసేది అదే. అయితే ఆవిడ రోజూ దేవుడి ముందు తన కోసం కోరుకునేది అనాయాస మరణం. మంచాన పడకుండా, ఎవరిచేతా చేయించుకోకుండా పోవాలన్నది మన పెద్దవాళ్ళందరి కోరికా. ఆ గ్రీకు మాటకు నాకు తెలిసినంతలో దగ్గరి తెలుగు మాట అదే. నోరు తెరిచి అడగలేని జీవికి మనం ఇవ్వగలిగింది అది. ఆ మాట దొరికాక మా ఇంట్లో సంభాషణ కాస్త సులువైంది.

ఎప్పుడు?

చిట్టికి స్ప్లీన్ మీద గడ్డ ఉందని అల్ట్రాసౌండ్‌లో తేలింది. హెమాంజియోసార్కోమా అనే క్యాన్సర్ అయ్యే అవకాశమే ఎక్కువని డాక్టరమ్మ చెప్పారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఇది ఎక్కువ. ఒక్క ఆపరేషన్‌తో ఆపేస్తే సాధారణంగా మిగిలేది 1 నుంచి 3 నెలలు. కీమో కూడా ఇస్తే ఇంకొన్ని నెలలు. ఆ గడ్డ ఏ రోజైనా పగిలి లోపల రక్తస్రావం కావచ్చు. చిగుళ్ళు తెల్లబడి, కుక్క ఉన్నట్టుండి కూలబడిపోతుంది. పదమూడేళ్ళ కుక్కకు కడుపు కోయించవద్దని మేమనుకున్నాం. అదే జబ్బు ఎనిమిదేళ్ళ కుక్కకు వస్తే మరొకరు ఆపరేషన్ చేయించవచ్చు. అదీ సరైన నిర్ణయమే.

మన ఇళ్ళల్లో ఒక కొలత ఉంది: "అన్నం తింటోంది కదా, బాగానే ఉన్నట్టే." కుక్కల విషయంలో, ముఖ్యంగా లాబ్రడార్ల విషయంలో, ఈ కొలత పనికిరాదు. చిట్టి చివరి రోజు కూడా పెరుగన్నం గిన్నె నాకేసింది. నొప్పి ఉన్న కుక్క మూలగాలనీ లేదు. రాత్రిళ్ళు ఊరికే రొప్పడం, పడుకోలేక అటూ ఇటూ తిరగడం, మనం వచ్చినా లేవకపోవడం చూడాలి. పిల్లి అయితే ఒళ్ళు నాక్కోవడం మానేస్తుంది, మంచం కిందో అల్మరాలోనో దాక్కుంటుంది.

అంచనా వేయడానికి ఒక మంచి పద్ధతి ఉంది. ఆలిస్ విల్లలోబోస్ అనే పశువైద్యురాలు తయారు చేసిన పట్టికను ఇక్కడ చాలామంది వెట్లు వాడతారు. అందులో ఏడు అంశాలు: నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా. ఒక్కోదానికి 0 నుంచి 10 మార్కులు వేస్తారు. పది అంటే ఆ విషయంలో బాగున్నట్టు. మొత్తం 70కి 35 దాటితే బతుకు ఫరవాలేదని లెక్క. ఇంట్లో అందరూ ఎవరికి వారు విడిగా మార్కులు వేసి తర్వాత పోల్చుకోండి. మా ఇంట్లో మా ఆయన వేసినవి ఎప్పుడూ నా కంటే పది ఎక్కువ ఉండేవి. ఎందుకని మాట్లాడుకుంటే అసలు విషయం బయటికొచ్చింది. ఆయన చూసేది సాయంత్రం చిట్టి తోక ఊపుతూ ఎదురొచ్చే అయిదు నిమిషాలు, నేను చూసేది రాత్రంతా.

దాంతోపాటు, ఇండియన్ స్టోర్‌లో ఇచ్చిన తెలుగు క్యాలెండర్‌లో రోజూ రాత్రి ఒక చుక్క పెట్టాం. మంచి రోజైతే ఆకుపచ్చ, చెడ్డ రోజైతే ఎరుపు. నాలుగో వారానికి వారంలో నాలుగు ఎర్ర చుక్కలు కనిపించాయి. ఆ పేజీ చూశాక ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒప్పించాల్సిన పని పడలేదు.

పెద్దవాళ్ళు "పాపం కదా" అంటే

ఆ మాటను కొట్టిపారేయకండి. వాళ్ళ భయం నిజమైనది. మన ఊళ్ళల్లో కుక్కలు వాటంతటవే ఎక్కడో పోయేవి, ఆ చివరి రోజులు మనం దగ్గరుండి చూసింది తక్కువ. అందుకే "సహజంగా పోనిద్దాం" అనిపిస్తుంది. కానీ సహజమైన చావు ప్రశాంతంగానే ఉంటుందన్న హామీ లేదు. కిడ్నీలు పాడైతే రోజుల తరబడి వాంతులు, నీరసం. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఊపిరాడదు.

అత్తయ్యకు నేను చెప్పింది గాంధీజీ దూడ సంగతి. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ తీవ్రంగా జబ్బుపడి, పక్కకు తిరగడానికి కూడా బాధపడే స్థితికి వచ్చింది. ఇక ఆశ లేదని తేలాక గాంధీజీ ఆశ్రమంలోని వాళ్ళతో మాట్లాడి, డాక్టర్‌తో ఇంజెక్షన్ ఇప్పించారు. ఆ సంగతి దాచకుండా తన పత్రికలో తానే రాశారు. ఆయన మీద విమర్శలు వెల్లువెత్తాయి, కోపంతో ఎందరో ఉత్తరాలు రాశారు. ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. స్వార్థంతోనో కోపంతోనో ప్రాణం తీస్తే హింస అవుతుంది, ఇంకే దారీ లేనప్పుడు ఆ జీవి బాధ తీర్చడానికి చేసింది హింస కాదు అన్నది ఆయన వాదన. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా, బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితిలో ఉన్న జంతువుకు విముక్తి కలిగించడానికి 13వ సెక్షన్‌లో వీలు కల్పించింది.

అత్తయ్య వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారుజామున చిట్టి లేవబోయి పడిపోతే, దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "ఆ డాక్టరమ్మకు ఫోన్ చెయ్యమ్మా" అన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు చివరిదాకా ఒప్పుకోకపోవచ్చు. నమ్మకం వల్ల మీకే ఇది వద్దనిపించవచ్చు. అప్పుడు వెట్‌ను హాస్పిస్ గురించి అడగండి. నొప్పి తగ్గించే మందులు గట్టిగా ఇస్తూ, ఇంట్లోనే చివరిదాకా చూసుకునే పద్ధతి అది. ఏ వైద్యమూ లేకుండా వదిలేయడం మాత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఇంటికే ఎందుకు?

క్లినిక్‌లో చేయించినా తప్పేమీ లేదు. మందు అదే, పద్ధతీ దాదాపు అదే. కాకపోతే నడవలేని 35 కిలోల కుక్కను కారెక్కించడం దానికీ మనకూ కష్టం. క్లినిక్ వాసనకే వణికే కుక్కలున్నాయి. బుట్టలో పెట్టగానే ఏడుపు అందుకునే పిల్లులున్నాయి. ఇంట్లో అయితే దాని పరుపు, దాని కిటికీ, దాని మనుషులు ఉంటారు.

ఇప్పుడు ఇందుకోసమే ఇళ్ళకు వచ్చే వెట్లు చాలా నగరాల్లో ఉన్నారు. 2009లో ఫ్లోరిడాలో మొదలైన లాప్ ఆఫ్ లవ్ లాంటి సంస్థలు అనేక రాష్ట్రాల్లో పనిచేస్తున్నాయి. విడిగా చేసే వెట్లూ ఉన్నారు. అలాంటి వారు మీ ఊళ్ళో దొరక్కపోతే మీ వెట్‌నే అడగండి. కొందరు క్లినిక్ మూసేశాక ఇంటికి వస్తారు, కొందరు పార్కింగ్‌లో కారు దగ్గరికే వచ్చి చేస్తారు.

బుక్ చేసేటప్పుడు అడగవలసినవి ఇవి:

ఖర్చు: ఊరిని బట్టి ఇంటికి రావడానికి సాధారణంగా 300 నుంచి 600 డాలర్ల దాకా ఉంటుంది. రాత్రిళ్ళు, వీకెండ్‌లు, పండగ రోజుల్లో ఎక్కువ. దహనం ఖర్చు ఇందులో కలిసి ఉందో లేదో అడగండి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ చూడండి. జబ్బు వల్ల తప్పనిసరైనప్పుడు కొన్ని పాలసీలు ఈ ఖర్చు ఇస్తాయి.

ముందుగా మత్తు ఇస్తారా: ఇస్తామన్న వాళ్ళనే పిలవండి.

తీసుకెళ్ళేది ఎవరు: తర్వాత వెట్టే తీసుకెళ్తారా, మనమే తీసుకెళ్ళాలా అన్నది ముందే తెలియాలి. మేడ మీద ఉంటుంటే ఆ సంగతి వాళ్ళకు చెప్పండి.

సంతకం: యజమాని సంతకం కావాలి. గత 10 రోజుల్లో ఎవరినైనా కరిచిందా అని ఫారంలో అడగవచ్చు. అది రేబీస్ నిబంధనల కోసం అడిగేది, మనల్ని అనుమానించి కాదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలో మరొకటో ఇచ్చి సొంతంగా ప్రయత్నించకండి. అది ప్రశాంతమైన చావు కాదు, భయంకరమైన బాధ. ఈ పనికి వాడే పెంటోబార్బిటాల్ ప్రభుత్వ నియంత్రణలో ఉండే మందు. లైసెన్స్ ఉన్న వెట్ చేతుల మీదుగానే జరగాలి.

ఆ గంటలో ఏం జరుగుతుంది?

తెలియకపోతే భయపెట్టేవి, ముందే తెలిస్తే తట్టుకోగలిగేవి కొన్ని ఉంటాయి. అందుకే వరుసగా చెబుతున్నాను.

వెట్ వచ్చి ముందు మనతో మాట్లాడతారు, ఫారాలు చూస్తారు. తొందర పెట్టరు. మొదటి ఇంజెక్షన్ మత్తు కోసం, చర్మం కిందో కండరానికో ఇస్తారు. సూది చురుక్కుమనడం తప్ప వేరే నొప్పి ఉండదు. 5 నుంచి 15 నిమిషాల్లో గాఢమైన మత్తులోకి వెళ్తుంది. కళ్ళు తెరిచే ఉండవచ్చు, గురక పెట్టవచ్చు. కొన్నిటికి వాంతి కావచ్చు కాబట్టి ఆ పూట ఎంత పెట్టాలో వెట్‌ను ముందే అడగండి. మీరు చెప్పాలనుకున్నవి అది మత్తులోకి జారకముందే చెప్పుకోండి.

తర్వాత కాలి దగ్గర కొంచెం వెంట్రుకలు తీసి, నరంలోకి రెండో మందు ఎక్కిస్తారు. అదే పెంటోబార్బిటాల్. మత్తుమందుల జాతికి చెందిందే, మోతాదు చాలా ఎక్కువ. మొదట స్పృహ పూర్తిగా పోతుంది, తర్వాత ఊపిరి, తర్వాత గుండె ఆగుతాయి. ఇదంతా సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ముసలితనం వల్ల నరం దొరక్కపోతే వేరే చోట ఇస్తారు. అప్పుడు కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, కానీ అప్పటికే దానికి తెలివి ఉండదు.

వెట్ స్టెతస్కోప్ పెట్టి విని, అయిపోయిందని చెబుతారు. ఆ తర్వాత కూడా కండరాలు అదరవచ్చు, ఒకటి రెండు సార్లు పెద్దగా ఊపిరి తీసినట్టు కనిపించవచ్చు, మలమూత్రాలు పోవచ్చు. కళ్ళు మూతపడవు. ఇవన్నీ ప్రాణం పోయాక శరీరం చేసేవి, బాధకు గుర్తులు కావు. కింద పాత తువ్వాళ్ళు పరిచి ఉంచండి.

మత్తు ఇచ్చే ముందు అత్తయ్య తులసి తీర్థం పోయవచ్చా అని అడిగారు. రెండు చుక్కలు ఫరవాలేదన్నారు డాక్టరమ్మ. మీ ఇంటి పద్ధతి ప్రార్థనైనా, దువా అయినా, భజనైనా ముందే చెబితే వాళ్ళు ఆగుతారు.

పిల్లలకు ఏం చెప్పాలి?

చిన్నపిల్లలకు "నిద్రపుచ్చేశారు" అని చెప్పకండి. రాత్రి పడుకోవడానికే భయపడతారు. "ఊరెళ్ళిపోయింది" అని కూడా వద్దు. ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తారు. "చిట్టికి బాగుకాని జబ్బు వచ్చింది. నొప్పి లేకుండా చనిపోవడానికి డాక్టర్ సాయం చేస్తారు. చనిపోతే మళ్ళీ రాదు" అని మా తొమ్మిదేళ్ళ వాడికి చెప్పాం. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "నానమ్మకు జబ్బు చేస్తే కూడా ఇలాగే చేస్తారా?" మనుషులకు అలా చేయరనీ, డాక్టర్లు మందులతో చూసుకుంటారనీ నానమ్మ పక్కనుండగానే చెప్పాం. ఈ ప్రశ్న మీ ఇంట్లోనూ వస్తుంది, జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

గదిలో ఉండాలా వద్దా అన్నది పిల్లలనే తేల్చుకోనివ్వండి. మావాడు మత్తు ఎక్కే దాకా కూర్చుని, తర్వాత పక్కింటికి వెళ్ళాడు. ఆస్టిన్‌లో చదువుతున్న పెద్దమ్మాయి కోసం రోజును శనివారానికి కుదుర్చుకున్నాం. ముందుగా మాట్లాడుకోవడం వల్లనే ఆ వీలు దొరికింది. కాలేజీలో ఉన్న పిల్లలకు పరీక్షలున్నాయని దాచిపెట్టి తర్వాత చెబితే, ఆ బాధ చాలాకాలం ఉంటుంది.

తర్వాత

దహనం రెండు రకాలు. అన్నిటితో కలిపి చేస్తే అస్థికలు ఇవ్వరు. విడిగా చేయిస్తే కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల్లో ఇస్తారు. బంకమట్టిలో పాదం అచ్చు కావాలంటే ముందే చెప్పండి.

పెరట్లో పూడ్చాలనుకుంటే సిటీ, కౌంటీ, హెచ్‌ఓఏ నిబంధనలు చూసుకోండి. అనుమతి ఉన్నా చాలా లోతుగా పూడ్చాలి. పెంటోబార్బిటాల్ శరీరంలో అలాగే ఉంటుంది. తవ్వి తిన్న జంతువులు, గద్దలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. అస్థికలు నీళ్ళలో కలపాలనుకునే వాళ్ళకు ఇంకొక మాట. సముద్రంలో కలపడానికి మనుషుల అస్థికలకు ఈపీఏ ఇచ్చే సాధారణ అనుమతి పెంపుడు జంతువులకు వర్తించదు. చెరువులకు, పార్కులకు స్థానిక నిబంధనలు ఉంటాయి. మేము పెరట్లో కరివేపాకు కుండీ పక్కన కొంచెం కలిపాం. మిగిలింది పెద్దమ్మాయి తన దగ్గర ఉంచుకుంది.

మైల ఉందా అని కొందరు అడిగారు. మా ఇంట్లో అత్తయ్య తలస్నానం చేసి దీపం పెట్టారు, అంతే.

తర్వాతి వారంలో చేయవలసిన చిన్న పనులు కొన్ని ఉంటాయి. మైక్రోచిప్ రిజిస్ట్రీలో, సిటీ లైసెన్స్‌లో చెప్పడం, ఇన్సూరెన్స్ ఆపడం, నెలనెలా వచ్చే ఫుడ్ ఆర్డర్ రద్దు చేయడం. తెరవని ఫుడ్ షెల్టర్‌కు ఇవ్వవచ్చు. మిగిలిన నొప్పి మందులు ఫార్మసీలో తిరిగి తీసుకునే చోట ఇచ్చేయండి. ఇంట్లో రెండో కుక్కో పిల్లో ఉంటే కొన్నాళ్ళు వెతుకుతుంది, తిండి తగ్గిస్తుంది. పూర్తిగా మానేస్తే వెట్‌కు చూపించండి.

మీ గురించి కూడా. ఇక్కడ చాలా ఆఫీసుల్లో పెంపుడు జంతువు పోతే సెలవు ఇవ్వరు, మీ లీవ్ నుంచే ఒక రోజు పెట్టుకోండి. "కుక్కే కదా" అనే వాళ్ళు మనలో ఉంటారు, వాళ్ళతో వాదించకండి. కార్నెల్, టఫ్ట్స్ లాంటి విశ్వవిద్యాలయాల వెటర్నరీ కాలేజీలు ఈ దుఃఖం కోసమే హెల్ప్‌లైన్లు నడుపుతున్నాయి. "తొందరపడ్డామా" అన్న ఆలోచన దాదాపు అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. అలాంటప్పుడు ఆ క్యాలెండర్ పేజీ తీసి చూసుకుంటాను. అందుకే దాన్ని పారేయలేదు.

మీ ఇంట్లో పదేళ్ళు దాటిన కుక్కో పిల్లో ఉంటే ఈ వారంలో మూడు పనులు చేయండి. ఇంటికి వచ్చే వెట్ ఎవరో కనుక్కుని ఆ నంబరు, దగ్గరి ఎమర్జెన్సీ హాస్పిటల్ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. ఒకరు ఇండియాలో ఉన్నప్పుడు అవసరం పడితే నిర్ణయం ఎవరిదో భార్యాభర్తలు మాట్లాడుకోండి. ఈ రాత్రి నుంచే క్యాలెండర్‌లో చుక్కలు మొదలుపెట్టండి. అన్నీ ఆకుపచ్చవే అయితే మరీ మంచిది, అది ఎంత బాగుందో మీకూ తెలుస్తుంది.